అప్‌డేట్: అమ్మకు విటమిన్ డి పెరిగింది, సీఆర్‌పీ కదల్లేదు

రెండు నెలల కింద అడిగాను కదా, అమ్మకు విటమిన్ డి 11 ఉంది, బరువు 84 కిలోలు, డి వేస్తే కొవ్వులో ఇన్‌ఫ్లమేషన్ (లోలోపలి వాపు) తగ్గుతుందా అని. తిరుపతి ఎండల్లో డి తక్కువేంటని నవ్వారు కొందరు. డి కొవ్వులో కరిగే విటమిన్. ఒంట్లో కొవ్వెక్కువైతే అందులోకే చేరి రక్తంలో తగ్గుతుందట. పైగా అమ్మ పది దాటాక గడప దాటదు!

డాక్టరమ్మ వారానికొక 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్టు, ఎనిమిది వారాలు రాశారు. పాలలో కలిపి తాగింది. ఇప్పుడు డి 34. సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చెప్పే రక్త పరీక్ష) మాత్రం దాదాపు అక్కడే. ల్యాబులో కొవ్వు కణాలకు డి ఇస్తే ఐఎల్-6 లాంటి ఇన్‌ఫ్లమేషన్ పెంచే పదార్థాలు తగ్గాయి గానీ, మనుషుల్లో అంత స్పష్టంగా కనబడలేదన్నారు. ముందు బరువు తగ్గించమన్నారు.

సాయంత్రం కపిలతీర్థం దాకా నడిపిస్తున్నా. తిరిగొచ్చేప్పుడు బజ్జీల బండి దాటించడమే కష్టంగా ఉంది.