పూటీన్ గ్రేవీలో ఏముందో అమ్మానాన్నకి చెప్పాలా, వద్దా?

బ్రాంప్టన్_బుజ్జి
అందరికీ నమస్తే. ఆగస్టులో అమ్మానాన్న గుంటూరు నుంచి వస్తున్నారు. కారులో నయాగరా, ఆటవా, మాంట్రియల్, క్విబెక్ సిటీ తిప్పాలని ప్లాన్. పూటపూటకీ ఇండియన్ రెస్టారెంట్ వెతుక్కోకుండా ఇక్కడి తిండి రుచి చూపిద్దామని నా ఆశ. నాన్న చికెన్, చేపలు తింటారు, బీఫ్ ముట్టరు. అమ్మ శాకాహారి. కేకులో గుడ్డు ఉన్నా ఏమీ అనదు. ఏమేం తినిపించొచ్చు? ముఖ్యంగా పూటీన్ సంగతి చెప్పండి.

మాంట్రియల్_మామ
క్విబెక్ దాకా వచ్చి పూటీన్ తినకుండా వెళ్తారా! వేడి ఫ్రైస్, వాటి మీద చీజ్ కర్డ్స్ (తాజా చీజ్ ముక్కలు), ఆపైన గ్రేవీ. కర్డ్స్ ఆ రోజు చేసినవైతే పంటి కింద కీచుకీచుమంటాయి, ఫ్రిజ్‌లో పెట్టాక ఆ చప్పుడు పోతుంది. అందుకని ఊళ్ళ మధ్య రోడ్డు పక్కన 'కాస్ క్రూట్' అని బోర్డు పెట్టుకునే చిన్న దుకాణాల్లో తినండి. మాంట్రియల్‌లో బేగెల్స్ (మధ్యలో చిల్లున్న గుండ్రటి రొట్టెలు) వదలొద్దు. తేనె కలిపిన నీళ్ళలో ఉడికించి, నువ్వులద్ది, కట్టెల పొయ్యిలో కాలుస్తారు. ఫెయిర్‌మౌంట్ వాళ్ళది 1919 నాటి దుకాణం, సెయింట్ వియాటర్ వాళ్ళది 1957 నాటిది, ఒకదాన్నుంచి ఇంకోదానికి నడిచి పోవచ్చు. ఆటవాలో బీవర్ టెయిల్. పిండి ముద్దని పొడుగ్గా సాగదీసి నూనెలో వేయించి, దాల్చినచెక్క పొడి, పంచదార చల్లి నిమ్మకాయ పిండుతారు. అమ్మగారికి తప్పకుండా నచ్చుతుంది.

ఉప్పుకారం
మామగారు అసలు సంగతి వదిలేశారు. పూటీన్ గ్రేవీ మామూలుగా చికెన్, బీఫ్ ఎముకలు మరిగించిన నీళ్ళతో చేస్తారు. కొన్నిచోట్ల ఫ్రైస్ కూడా పశువుల కొవ్వులోనే వేయిస్తారు. కర్డ్స్ కోసం పాలు విరిచే రెన్నెట్ దూడ కడుపులోంచి తీసింది కావచ్చు. అమ్మగారు సరే, నాన్నగారికి కూడా కుదరదు. వెజిటేరియన్ గ్రేవీ ఉందా అని ప్రతిచోటా అడగండి. చాలాచోట్ల పుట్టగొడుగులతో చేసింది ఉంటుంది.

లెక్కలమాస్టారు
చిన్న సవరణ. పూటీన్ మాంట్రియల్‌ది కాదు. 1957లో వార్విక్ అనే ఊళ్ళో ఫెర్నాండ్ లాషాన్స్ హోటల్లో పుట్టిందని ఒక వాదన. కాదు, డ్రమండ్‌విల్‌లో జాన్ పాల్ రాయ్‌ది అసలుదని ఇంకో వాదన. ఆయన 1964లో మెనూలో పెట్టాడు.

మాంట్రియల్_మామ
మాస్టారూ, మాంట్రియల్‌లో పుట్టిందని నేనెక్కడన్నాను? ఉప్పుకారం గారూ, మీ లెక్కన ఈ దేశంలో మంచినీళ్ళు తప్ప ఏమీ తాగలేం. రెన్నెట్ అంటే మీరు వారం వారం తెచ్చుకునే పిజ్జా చీజ్‌లో ఉండదా? అప్పుడు అడుగుతారా?

ఉప్పుకారం
అడుగుతాను. అడిగే తెస్తాను. ఎందుకో చెప్తా వినండి. మా అత్తగారు వచ్చినప్పుడు హైవే పక్కన ఒక రెస్టారెంట్లో వెజిటబుల్ సూప్ తెప్పించాం. పేరులోనే వెజిటబుల్ ఉందిగా అని ఎవరం అడగలేదు. ఆవిడ సగం గిన్నె తాగాక, పక్క టేబుల్ వాళ్ళతో వెయిట్రెస్ అది బీఫ్ స్టాక్‌తో చేసిందని చెప్తుంటే నా చెవిన పడింది. మా ఆయన 'ఊరుకో, అమ్మకి చెప్పకు' అన్నారు. చెప్పేదాకా నాకు నిద్ర పట్టలేదు. చెప్పాక ఆవిడ నన్నొక్క మాట అనలేదు. ఇండియా వెళ్ళేదాకా బయట మంచినీళ్ళు కూడా ముట్టలేదు. మీకు వెటకారంగా ఉంటుంది, మాకు కాదు.

కాల్గరీ_చలి
అన్నా, ఇటు రండి. జింజర్ బీఫ్ మా ఊళ్ళోనే పుట్టింది. నాన్నగారికి పనికిరాదనుకోండి 😀

పప్పుచారు
బీఫ్ గొడవ లేనివి చెప్తాను. కెచప్ చిప్స్, 'ఆల్ డ్రెస్డ్' చిప్స్: పులుపూ ఉప్పూ ఘాటుగా ఉంటాయి, మనవాళ్ళకి ఇట్టే పడతాయి. బటర్ టార్ట్: అంటారియో పల్లెటూళ్ళ బేకరీలన్నిట్లో దొరుకుతుంది. వెన్న, పంచదార, గుడ్డు కలిసిన పాకం, కొరికితే గడ్డం మీదికి కారుతుంది. కిస్‌మిస్ వెయ్యాలా వద్దా అని వాళ్ళలో వాళ్ళకే తగాదా. నానైమో బార్: బ్రిటిష్ కొలంబియాది, అయినా అన్నిచోట్లా అమ్ముతారు. కింద కోకో, కొబ్బరి పొర, మధ్యలో కస్టర్డ్ పొడి కలిపిన క్రీమ్, పైన చాక్లెట్. అడుగు పొరలో గుడ్డు ఉంటుంది. ఆగస్టు కాబట్టి దారిలో రైతుల స్టాళ్ళ దగ్గర అంటారియో మొక్కజొన్న పొత్తులు, నయాగరా పీచెస్ కొనండి. ఈ పొత్తులకీ, పళ్ళకీ ఎవరినీ అడగక్కర్లేదు.

బ్రాంప్టన్_బుజ్జి
థాంక్స్ పప్పుచారు గారూ, ఇదే కావాలి నాకు. మేపుల్ సిరప్ మంచు మీద పోసి పుల్లకి చుట్టి ఇస్తారట కదా, అది దొరుకుతుందా?

మాంట్రియల్_మామ
దాని సీజన్ మార్చి, ఏప్రిల్. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లోనే చెట్టు నుంచి నీరు దిగుతుంది. 40 లీటర్ల నీరు మరిగిస్తే ఒక లీటరు సిరప్. దాన్ని ఇంకా మరిగించి అరిసెల పాకంలా ముదరనిచ్చి మంచు మీద పోస్తారు. పాత క్విబెక్ వీధుల్లో టూరిస్టుల కోసం వేసవిలోనూ గుండుచేసిన ఐస్ మీద పోసి అమ్ముతుంటారు. ఇందులో చెట్టు నీరు తప్ప ఏమీ లేదు, కొందరికి అభ్యంతరం ఉండకపోతే.

ఉప్పుకారం
ఆ 'కొందరు' ఎవరో చెప్పండి.

మాంట్రియల్_మామ
చెప్తాను. మా బావమరిది కుటుంబం వచ్చింది. హోటళ్ళు బుక్ చేశాను, సెలవు పెట్టి టొరంటో నుంచి క్విబెక్ దాకా నేనే డ్రైవ్ చేశాను. దారి పొడుగునా కారులో పులిహోర, చపాతీ, గోంగూర. నది ఒడ్డున మంచి హోటల్లో కూర్చోబెడితే మెనూ తెరిచి చూడకుండానే 'ఇక్కడ పెరుగు దొరుకుతుందా' అన్నారు. వెళ్తూ వెళ్తూ 'కెనడాలో తిండి ఏం బాగుండదు' అని మా చెల్లెలితో అన్నారట. తినకుండా ఎలా తెలిసిందండీ? ఇన్నేళ్ళుగా ఇక్కడ బతికాను, ఇది నా ఊరు. నా ఊరి తిండి ఒక ముద్ద నోట్లో పెట్టుకోడానికి వాళ్ళకి అంత కష్టమైంది.

లెక్కలమాస్టారు
టూరిస్టు సీజన్లో వేసేది 'గుండు' ఐస్ కాదు, తురిమిన ఐస్.

ఉప్పుకారం
మామగారూ, ఇప్పుడు తెలిసింది. మీ గొడవ బావమరిదితో. బుజ్జి వాళ్ళ నాన్నగారి మీద తీర్చుకోకండి. ఒక్కటే సూటిగా అడుగుతున్నా: మీ ఇంటికొచ్చిన పెద్దవాళ్ళకి గ్రేవీలో ఏముందో చెప్పి తినిపిస్తారా, చెప్పకుండానా?

మాంట్రియల్_మామ
మా నాన్నకి చెప్పలేదు. ఆయన బాగుందని ఇంకోటి తెప్పించుకున్నారు. ఆ ముఖంలో సంతోషం చూశాను, చాలు. ఇప్పుడూ చెప్పను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

ఉప్పుకారం
కందకి తెలియదు కాబట్టి దురద లేదు. తెలియనివ్వనిది ఎవరు? ఆయన నోట్లో ఏం పెట్టుకోవాలో ఆయనే నిర్ణయించుకోవాలి. అది ఆయన సంతోషం కాదు, మీ సంతోషం.

మాంట్రియల్_మామ
నా తండ్రి గురించి మీరు నాకు చెప్పక్కర్లేదు.

అడ్మిన్_చెట్టునీడ
ఇద్దరూ కాస్త తగ్గండి. ఇళ్ళ సంగతులు వదిలి తిండి గురించి మాట్లాడండి.

గోదారిగట్టు
తిండి గురించి అంటూనే ఉన్నారు, ఇది తిండి గొడవ కాదు. ఆ వయసులో అన్ని గంటలు విమానంలో కూర్చుని వచ్చేది కెనడా చూడ్డానికా, పిల్లల్ని చూడ్డానికా? మా అమ్మ వచ్చినప్పుడు ఎక్కడికి తీసుకెళ్తానన్నా 'ఎందుకురా, ఇంట్లోనే ఉండు' అనేది. నాకు చిరాకొచ్చేది. బుజ్జీ, నువ్వు అమ్మని అడిగావా అసలు?

బ్రాంప్టన్_బుజ్జి
అడగలేదండి. సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నాను.

ఉప్పుకారం
బాబూ, ఆ సర్‌ప్రైజ్‌లో గ్రేవీ మాత్రం ఉండనివ్వకు.

పప్పుచారు
షాపులో ప్యాకెట్లు కొనేటప్పుడు ఒక కిటుకు. యూదుల కోషర్ గుర్తు (వాళ్ళ ఆహార నియమాలకి సరిపోతుందని వేసేది) పక్కన పాల గుర్తుగా 'డి' ఉంటే అందులో మాంసం కలవదు, పాలూ మాంసమూ వాళ్ళు కలపరు. గుడ్డు మాత్రం ఉండొచ్చు.

మాంట్రియల్_మామ
బుజ్జీ, మాంట్రియల్ వచ్చాక మెసేజ్ పెట్టండి. పుట్టగొడుగుల గ్రేవీ పోసే చోటు మా ఇంటికి దగ్గర్లోనే ఉంది, నేనే తీసుకెళ్తాను. నాన్నగారిని మామూలు గ్రేవీ అడగనివ్వండి, ఆయనే అడిగితే.

ఉప్పుకారం
అందులో ఏముందో ముందు చెప్పాక అడగనివ్వండి.

లెక్కలమాస్టారు
డ్రమండ్‌విల్ మీదుగా వెళ్ళండి. మాంట్రియల్ నుంచి క్విబెక్ సిటీకి 20వ నంబర్ హైవేలో దారిలోనే వస్తుంది.