రోజూ మూడు గంటలు చదివినా 20కి 6 మార్కులే: మా అమ్మాయి ఎలా చదవాలో చెప్పండి

తెనాలి నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇక్కడి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతోంది. మొన్నటి పరీక్షలో భౌతికశాస్త్రంలో 20కి 6, లెక్కల్లో 20కి 7 వచ్చాయి. వచ్చే ఏడాది పదో తరగతి. నాకు దిగులుగా ఉంది.

చదవడం లేదని అనలేను. నేను ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా పిల్ల నా ఎదురుగానే గోడకు ఆనుకుని కూర్చుంటుంది. పుస్తకంలో పసుపు రంగు స్కెచ్ పెన్నుతో గీత పడని పంక్తి లేదు. నోట్సు ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంటుంది. పరీక్ష ముందు రాత్రి అడిగితే "అంతా వచ్చమ్మా" అంటుంది. తీరా ప్రశ్నపత్రం చేతికొచ్చాక ఏమీ గుర్తుకు రాలేదంటుంది.

జవాబుపత్రంలోని ఒక లెక్క ఇక్కడ రాస్తున్నాను. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతున్న బస్సు బ్రేకు వేసిన 5 సెకన్లకు ఆగింది. ఆలోగా ఎంత దూరం పోయింది? మా అమ్మాయి 180 మీటర్లు అని రాసింది. సున్నా వచ్చింది. సూత్రం సరైనదే వాడానని ఏడ్చింది. నేను ఇంటర్ మధ్యలో మానేసినదాన్ని, తప్పు ఎక్కడుందో నాకు తెలియలేదు.

ట్యూషన్ మార్చమని ఇరుగుపొరుగు అంటున్నారు. ఇప్పటికే నెలకు ఎనిమిది వందలు కడుతున్నాం. మార్చమంటారా, లేక చదివే తీరులోనే లోపం ఉందా?

ఏలూరు తండ్రి

మా అబ్బాయికీ ఇలాగే తక్కువ వచ్చేవి. ఉదయం నాలుగింటికి లేపి రెండు గంటలు అదనంగా కూర్చోబెట్టాం. ట్యూషన్ కూడా మార్చాం. కొంచెం పెరిగాయి. పిల్లలకు ఎక్కువ సమయం కావాలండి, అంతే.

విశ్రాంత లెక్కల మాస్టారు

అమ్మా, నేను 31 ఏళ్ళు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పాను. మీరు రాసిన 180 అనే అంకె చూడగానే నాకు సంతోషం కలిగింది. ఎందుకో చెబుతాను.

ఆ లెక్కకు జవాబు 50 మీటర్లు. గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు (72ను 5తో గుణించి 18తో భాగించాలి). మొదట 20, చివరకు సున్నా, సగటున 10. అయిదు సెకన్లకు 50 మీటర్లు. మీ అమ్మాయి 72ను మార్చకుండా అలాగే వేసింది. 72కూ సున్నాకూ సగటు 36, అయిదు సెకన్లకు 180. అంటే ఆమెకు పాఠం అర్థమైంది, సూత్రం వచ్చు, గుణకారం వచ్చు. ప్రమాణాలు మార్చడం ఒక్కటే వదిలేసింది. మీ టేపుకు ఒకవైపు అంగుళాలు, రెండోవైపు సెంటీమీటర్లు ఉంటాయి కదా. 36 అంగుళాల ఛాతీ కొలతను 36 సెంటీమీటర్లుగా తీసుకుని గుడ్డ కత్తిరించడం లాంటిదే ఈ పొరపాటు. ఆమెకు ఈ మాట మీరే చెప్పండి, మీ టేపు చేతికిచ్చి చెప్పండి. నా కంటే మీరు బాగా చెప్పగలరు. ఇంకొక అలవాటు కూడా చేయించండి: జవాబు రాగానే అది నమ్మదగినదేనా అని ఒక్క క్షణం ఆగి చూడాలి. మన బస్సు పొడవు సుమారు 12 మీటర్లు. 180 మీటర్లంటే పదిహేను బస్సులు వరుసగా నిలబెట్టినంత దూరం. అయిదు సెకన్లలో ఆగిన బస్సు అంత దూరం పోతుందా అని ఆమె తనను తాను అడిగి ఉంటే ఆ మార్కులు దక్కేవి.

అందుకే ట్యూషన్ సంగతి పక్కన పెట్టి ముందు ఆ రెండు జవాబుపత్రాలూ తీయండి. పోయిన ప్రతి మార్కు పక్కనా ఎందుకు పోయిందో అమ్మాయి చేతే రాయించండి. అసలు తెలియక పోయిందా, తెలిసి మరిచిపోయిందా, తెలిసీ తొందరలో జారిందా? ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. నా తరగతిలో ఒక పిల్లవాడు బీజగణితంలో ఏడాదంతా తప్పాడు. వెతికితే అతనికి రానిది బీజగణితం కాదు, అయిదో తరగతిలో చెప్పిన భిన్నాల కూడిక. రెండు వారాలు భిన్నాలు చేయించాక మిగతావన్నీ కదిలాయి. నేను ఆ సంగతి జూన్‌లోనే చూసి ఉండాల్సింది, డిసెంబరులో చూశాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇక పసుపు గీతలు. రోజూ చూసే ఎదురింటావిడను ఎక్కడైనా గుర్తుపడతాం. కళ్ళు మూసుకుని ఆమె చెవులకు ఏ కమ్మలున్నాయో చెప్పమంటే చెప్పలేం. పుస్తకాన్ని పదేపదే చూసే పిల్లకు జరిగేది ఇదే. చూసిన పంక్తి పరిచయమే కాబట్టి "అంతా వచ్చు" అనిపిస్తుంది. ఆమె మీకు అబద్ధం చెప్పడం లేదు. అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో దీన్ని పరీక్షించి చూపారు. ఒక చిన్న వ్యాసాన్ని కొందరు విద్యార్థులు మళ్ళీ మళ్ళీ చదివారు, మరికొందరు చదివాక దాన్ని పక్కన పెట్టి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ చదివినవాళ్ళే మెరుగు. వారం తర్వాత అడిగితే తారుమారైంది, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళు ముందున్నారు. మీ అమ్మాయి పరీక్ష ముందు రాత్రి ధైర్యంగా ఉండటానికీ, పరీక్షలో తెల్లబోవడానికీ కారణం ఇందులోనే ఉంది.

కాబట్టి రేపటి నుంచి ఒక పేజీ చదవగానే పుస్తకం మూయించండి. చిత్తుకాగితం మీద గుర్తున్నదంతా రాయాలి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చాలి. మర్నాడు అదే పేజీ, చదవకుండానే, మళ్ళీ. ఆ తర్వాత నాలుగు రోజులకు, మళ్ళీ ఆదివారానికి. మొదటి వారం సగం కూడా రాదు. పిల్ల విసుక్కుంటుంది, తనకు చదువు రాదనుకుంటుంది. ఆ వారం మాత్రం మీరు గట్టిగా నిలబడాలి. మీకు భౌతికశాస్త్రం రానక్కర్లేదు. పుస్తకం మీ ఒడిలో పెట్టుకుని, హుక్కులు కుడుతూ, పాఠం వెనకున్న ప్రశ్నలు మీకు తోచిన వరుసలో అడగండి, చాలు.

వరుస మార్చడం ముఖ్యం. పదహారో ఎక్కం గడగడా అప్పజెప్పే పిల్లను పదహారు ఏడులు ఎంత అని అడిగి చూడండి, పదహారు ఒకట్ల నుంచి మొదలుపెడుతుంది. లెక్కలూ అంతే. ఒకే అభ్యాసంలోని పది లెక్కలు వరుసగా చేస్తే ఏ పద్ధతి వాడాలో ఆలోచించే పనే ఉండదు. పరీక్షలో అసలు కష్టం అదే కదా. వారానికి రెండు రోజులు వేర్వేరు పాఠాల నుంచి ఏరిన అయిదు లెక్కలు, గడియారం పెట్టి చేయించండి.

ఏలూరు తండ్రిగారికి ఒక మాట, నొచ్చుకోకండి. 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతున్నారు. చదివినది మనసులో కుదురుకోవడానికి నిద్ర చాలా అవసరం. నాలుగింటికి లేపదలిస్తే రాత్రి ఎనిమిదికి పడుకోబెట్టాలి. మొదటి పీరియడ్‌లో కళ్ళు మూతలు పడుతున్న పిల్లలను నేను ఎందరినో చూశాను. వాళ్ళను తిట్టాలనిపించేది కాదు, ఇంటికి పంపి పడుకోబెట్టాలనిపించేది.

నర్సింగ్ విద్యార్థిని

అక్కా, నేను పదో తరగతి లెక్కల్లో తప్పి సప్లిమెంటరీలో పాసయ్యాను, అందుకే రాస్తున్నాను. నాకు విషయం కంటే ప్రశ్న అర్థం కాకపోవడం పెద్ద సమస్య. "డిఫైన్" అంటే నిర్వచనం చాలు, "ఎక్స్‌ప్లెయిన్" అంటే వివరించాలి, "జస్టిఫై" అంటే కారణం చూపాలి. అన్నింటికీ ఒకేలా రాసి మార్కులు పోగొట్టుకున్నాను. తర్వాత నోట్సు చివరి పేజీలో ఇలాంటి ముప్పై మాటలు తెలుగు అర్థాలతో రాసుకున్నాను. మీ అమ్మాయి పుస్తకంలో ఒక పుట ఇంగ్లీషు, ఎదురుగా అదే తెలుగులో ఉంటుంది కదా. ముందు తెలుగు పుట చదివి అర్థం చేసుకుని, తర్వాత ఇంగ్లీషు పుట చదివితే భయం తగ్గుతుంది. తెలుగులో చదవడం చిన్నతనమేమీ కాదని ఆమెకు చెప్పండి. నాకు ఎవరూ చెప్పలేదు.

ఫోను మాత్రం వేరే గదిలో ఉండాలి. బోర్లా పెట్టినా లాభం లేదు.

తెనాలి నుంచి ఒక తల్లి (ఆరు వారాల తర్వాత)

మాస్టారూ, నమస్కారం. ట్యూషన్ మార్చలేదు. టేపు ఇచ్చి మీరు చెప్పినట్టే చెప్పాను. పిల్ల ఒక్క నిమిషం టేపు వంక చూసి, జవాబుపత్రం తెచ్చుకుని, తానే 50 వేసింది. మొదటి నాలుగు రోజులు చాలా ఏడ్చింది. ఒక పేజీకి మూడు పంక్తులు కూడా రాయలేకపోయింది. మానేద్దామా అని నాకే అనిపించింది. రెండో వారం నుంచి ఎర్ర సిరా తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు రెండు గంటలే చదువుతోంది, తొమ్మిదిన్నరకు పడుకుంటోంది. నిన్న మార్కులు ఇచ్చారు: భౌతికశాస్త్రం 20కి 12, లెక్కలు 20కి 9.

చెల్లీ, నీ ముప్పై మాటల పేజీ మా గోడకు అంటించాం.

లెక్కల్లో మాత్రం త్రిభుజాల నిరూపణలు రావడం లేదు. పుస్తకం మూసి బాగానే రాస్తుంది, పరీక్షలో పటం కాస్త మారితే ఆగిపోతోంది. ఏం చేయించమంటారు?

విశ్రాంత లెక్కల మాస్టారు

పన్నెండు! ఆమెకు నా ఆశీస్సులు చెప్పండమ్మా.

నిరూపణను ఆమె బట్టీ పడుతున్నట్టుంది. పుస్తకంలో ఏ, బి, సి అని ఉంటే ఆమె పి, క్యూ, ఆర్ అని పేర్లు పెట్టి, త్రిభుజాన్ని తలకిందులుగా గీసి నిరూపించాలి. ప్రతి మెట్టు పక్కనా "ఎందుకు?" అని మీరు అడగాలి, ఆమె కారణం చెప్పాకే తర్వాతి మెట్టు రాయాలి. రోజుకు ఒక్కటే. వచ్చే ఆదివారం ఆమె ఆగిపోయిన పటం ఏదో ఇక్కడ రాయండి, చూస్తాను.