బానిసత్వం, వర్ణవివక్ష కాలపు పత్రాల నకళ్లను ప్రదర్శనలో ఎలా పెట్టాలి?

ప్రశ్న (రిచ్‌మండ్, వర్జీనియా నుంచి ఒక తల్లి)

అందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో జరిగే నల్లజాతి చరిత్ర మాసం కోసం మా ప్రాంతపు గ్రంథాలయం వారు ఒక గోడను మా తెలుగు బడి కార్యకర్తలకు అప్పగించారు. బానిసల వేలం ప్రకటనలు, పారిపోయినవారిని పట్టిస్తే బహుమానమిస్తామన్న పత్రికా ప్రకటనలు, ‘తెల్లవారికి మాత్రమే’ అన్న బోర్డులు, వీటి నకళ్లను అక్కడ పెట్టాలని అనుకున్నాం. ఇంటర్నెట్‌లో ఒక దుకాణం వారు ఇవన్నీ ఒకే కట్టగా అమ్ముతున్నారు. కాగితానికి గోధుమ రంగు పట్టించి, అంచులు కాల్చి, అసలు పత్రాలేమో అనిపించేలా తయారుచేశారు. అలా ఉంటేనే పిల్లలు ఆగి చూస్తారని మాలో కొందరు అంటున్నారు. ఒక మనిషికి వెలకట్టిన కాగితాన్ని అలంకారంలా వేలాడదీయడానికి నాకు మనసొప్పడం లేదు. అలాగని ఏమీ చూపించకపోతే ఈ చరిత్ర పిల్లలకు పాఠ్యపుస్తకంలోని రెండు వాక్యాలుగానే ఉండిపోతుంది. నకళ్లను ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? వాటిలో ఉన్న అవమానకరమైన పదాలను ఉంచాలా, చెరిపివేయాలా?

సమాధానం (పాత పత్రాల భద్రత విభాగంలో పనిచేస్తున్నాను)

అమ్మా, ఆ కట్టను కొనవద్దని నా సలహా. అంచులు కాల్చిన కాగితం చూసేవారికి చరిత్రను కాక ఒక నాటక సామగ్రిని చూపిస్తుంది. పైగా అందులో ఏది ఏ అసలు పత్రానికి నకలో, ఏది ఇటీవల ఎవరో కూర్చిన పోస్టరో తెలుసుకునే దారి ఉండదు. ఈ రంగంలో దొంగ సరుకు కొత్త కాదు. చార్ల్‌స్టన్ నగరంలో అద్దె పనికి పంపే బానిసల కోసం వృత్తి, సంఖ్య, సంవత్సరం చెక్కి జారీచేసిన రాగి బిళ్లలకు నేడు మార్కెట్‌లో నకిలీలు విరివిగా ఉన్నాయి. జిమ్ క్రో కాలపు, అంటే నల్లవారిని తెల్లవారి నుంచి వేరుచేసే చట్టాలు అమలైన కాలపు బోర్డుల పరిస్థితి కూడా ఇంతే.

అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, ప్రభుత్వ పత్రాలను భద్రపరిచే నేషనల్ ఆర్కైవ్స్ తమ వద్ద ఉన్న అనేక పత్రాలను పెద్ద పరిమాణపు చిత్రాలుగా ఉచితంగా అందిస్తున్నాయి. ఏ సంస్థ వద్ద ఉన్నదో చెప్పలేని పత్రాన్ని గోడ మీదికి ఎక్కించకండి. మెరుపు లేని, మందమైన మామూలు తెల్ల కాగితం మీద అచ్చువేయించి, కింద ‘నకలు’ అని స్పష్టంగా రాసి, అసలు ఉన్న చోటు, తేదీ, అసలు కొలతలు ఇవ్వండి. పెద్దదిగా చేస్తే ఎన్ని రెట్లు పెంచారో కూడా రాయండి. బానిసల విముక్తి గురించి లింకన్ చేసిన ప్రకటన వంటి అసలు ప్రతులకు వెలుతురు శత్రువు కనుక వాటిని మసక వెలుగులోనే ఉంచవలసి వస్తుంది. నకలుకు ఆ భయం లేదు కాబట్టి పిల్లవాడు ముక్కు ఆనించి చదివేంత వెలుగులో పెట్టవచ్చు. నకలు వల్ల కలిగే మేలు అదే. దాన్ని ముసలి కాగితంలా నటింపజేసి ఆ మేలును పోగొట్టుకోకూడదు.

సమాధానం (చరిత్ర ఉపాధ్యాయిని, మేరీల్యాండ్)

పై మాటలతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఏ పత్రాలు ఎంచుకోవాలన్న విషయంలో రెండు సూచనలు చేస్తాను.

మొదటిది మీ రాష్ట్రానిదే. 1769 సెప్టెంబర్ 14 నాటి ‘వర్జీనియా గెజెట్’లో థామస్ జెఫర్సన్ ఇచ్చిన ప్రకటన అది. శాండీ అనే బానిస పారిపోయాడని, వయసు సుమారు 35 ఏళ్లని, చెప్పులు కుట్టేవాడని, ఆ పనిలో ఎక్కువగా ఎడమ చేతిని వాడతాడని, తాగుబోతని, జిత్తులమారి అని అందులో ఉంటుంది. ఆల్బెమార్ల్ కౌంటీలోనే పట్టి తెస్తే 40 షిల్లింగులు, వర్జీనియా కాలనీలో (అప్పట్లో అది బ్రిటిష్ వలస) మరెక్కడైనా అయితే 4 పౌండ్లు, వేరే కాలనీలో అయితే 10 పౌండ్లు బహుమానం. యజమాని తన నష్టం గురించి రాసుకున్న ఈ నాలుగు వాక్యాల్లోనే, శాండీ ఒక తెల్ల గుర్రాన్నీ తన చెప్పుల పనిముట్లనూ వెంట తీసుకెళ్లాడన్న సంగతి ఉంది. అంటే అతడు తన చేతిపనితో తాను బతకాలని బయలుదేరాడు. పిల్లలను ఆ పంక్తి దగ్గర ఆపండి. మనుషులందరూ సమానులుగా సృష్టించబడ్డారని ఏడేళ్లలోపే అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో రాసిన చేయి కూడా ఇదేనని వారికి తప్పక చెప్పండి.

రెండవది 1860 జనగణనలోని బానిసల పట్టిక. ఆ ఏడాది దేశంలో 39,53,760 మంది బానిసలున్నట్టు లెక్క తేలింది. పట్టికలో యజమాని పేరు ఉంటుంది, దాని కింద ఒక్కో వరుసకు ఒక్కో మనిషి, వయసు, లింగం, రంగు. మనిషి పేరుకు మాత్రం గడి లేదు. వేలం ప్రకటనలోని పెద్ద అక్షరాల కంటే ఈ లేని గడి నా విద్యార్థులను ఎక్కువగా కలచివేస్తుంది.

పదాల విషయానికి వస్తే, పత్రంలో ఒక్క అక్షరం కూడా చెరపకండి. ఏమి చూడబోతున్నారో తల్లిదండ్రులకు తెలిసేలా గోడ మొదట్లో ఒక సూచన పెట్టి, పాత అచ్చును చదవలేనివారి కోసం పక్కనే పూర్తి పాఠాన్ని ఇవ్వండి.

సమాధానం (అట్లాంటా నుంచి)

బోర్డుల గురించి నా అభిప్రాయం కొంచెం వేరు. ‘తెల్లవారికి మాత్రమే’ అన్న బోర్డును ఒంటరిగా గోడకు తగిలిస్తే అది మళ్లీ తన పాత పనే చేస్తుంది. గ్రంథాలయంలోకి అడుగుపెట్టిన నల్లజాతి పెద్దావిడకు అది మొదట బోర్డుగానే కనిపిస్తుంది, నకలుగా కాదు. దాని బదులు ఫోటో పెట్టండి. 1938 ఏప్రిల్‌లో నార్త్ కరోలినాలోని హాలిఫాక్స్‌లో జాన్ వాషాన్ తీసిన చిత్రంలో, కోర్టు ఆవరణలోని చెట్టుకు ‘కలర్డ్’ (నల్లవారికి) అన్న పలక కొట్టి ఉంటుంది, పక్కన నీటి కుళాయి దగ్గర ఒక కుర్రవాడు ఉంటాడు. న్యాయస్థానం ముంగిట్లో ఈ పలక! ప్రభుత్వం తరఫున తీసిన ఫోటో కనుక హక్కుల చిక్కు లేదు. దానికి జోడీగా, మాంట్‌గొమరీ బస్సులో, తెల్లవారికి సీటు ఇవ్వడానికి నిరాకరించిన నల్లజాతి మహిళ రోజా పార్క్స్ ఎక్కడ కూర్చున్నారో చూపే పటాన్ని పెట్టవచ్చు. బ్రౌడర్ వర్సెస్ గేల్ కేసు కాగితాల్లోని ఆ పటం నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంది. బస్సులలో వేర్పాటును 1956లో కొట్టివేసింది ఆ కేసులోనే.

సమాధానం (డర్బన్ నుంచి)

తెలుగు బడి వారు పెడుతున్నారు కనుక ఒక మాట. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ దక్షిణాఫ్రికాలోని మా డర్బన్ చేరింది. ఆ తరువాత డర్బన్ ఉన్న ప్రాంతమైన నాటాల్‌కు వచ్చిన ఒప్పంద కూలీలలో మన తెలుగువారు ఎందరో ఉన్నారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు నమోదైన ఆ ఓడల పట్టికల నకలును కూడా పక్కన పెడితే పిల్లలకు దగ్గరగా అనిపిస్తుంది కదా?

సమాధానం (చరిత్ర ఉపాధ్యాయిని, మేరీల్యాండ్)

అయ్యా, ఆ పట్టికలు తప్పక చూపవలసినవే, కానీ ఈ గోడ మీద వద్దు. ఒప్పంద కూలీ పడిన కష్టం చిన్నది కాదు, అయినా ఆ ఒప్పందానికి అయిదేళ్ల గడువు ఉండేది. వర్జీనియాలో 1662 నాటి చట్టం తల్లి బానిసత్వాన్ని పుట్టిన బిడ్డకూ అంటగట్టింది. రెండింటినీ పక్కపక్కన పెడితే రెండూ ఒకటేనని పిల్లలు అనుకుంటారు. పేరు గడి ఉన్న పట్టికకూ లేని పట్టికకూ ఉన్న తేడాను తరగతిలో విడిగా చెప్పడానికి మాత్రం అది చాలా పనికొస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. కట్ట కొనడం మానుకున్నాం. శాండీ ప్రకటన, 1860 పట్టికలో ఒక పుట, హాలిఫాక్స్ ఫోటో, బస్సు పటం, ఈ నాలుగే పెడతాం. మిగిలిన స్థలమంతా పూర్తి పాఠాలకూ వివరణలకూ కేటాయిస్తాం. అచ్చుకు పంపే ముందు ఆ వివరణల ప్రతిని ఇక్కడ ఉంచుతాను, దయచేసి సరిచూడండి.