"నల్లమల" అని మాత్రమే ఉన్న పాత పామరోజా షీట్లకు మ్యాపులో చుక్క పెట్టొచ్చా?

గడ్డిపరక:
సింబోపోగాన్ మార్టినీ, అదే మన పామరోజా గడ్డి, నల్లమల అడవుల్లో సహజంగా పెరిగేదే. పాత హెర్బేరియం షీటు (ఎండబెట్టిన మొక్కను అంటించిన కాగితం) మీద "నల్లమల, కర్నూలు జిల్లా, 2000 అడుగులు" అని ఉంటే కొందరు కర్నూలు ఊరి అక్షాంశ రేఖాంశాలు ఎక్కించేస్తున్నారు. ఆ ఊరు 300 మీటర్ల ఎత్తు కూడా ఉండదు, లేబులేమో సుమారు 610 మీటర్లంటోంది. ఇలాంటి రికార్డుకు కోఆర్డినేట్లు ఇవ్వనే కూడదని నా వాదన.

కొండపోడు:
ఊరి మీద చుక్క పెట్టడం తప్పేనండీ. దానికని మొత్తానికే వదిలేస్తే ఎలా? పక్కన అనిశ్చితి వ్యాసార్థం మీటర్లలో రాసే గడి ఉన్నది ఇందుకే కదా. 600 మీటర్ల కాంటూరు (ఒకే ఎత్తును చూపే గీత) చుట్టూ ఉన్న నేలనంతా ఒక వృత్తంలోకి తెచ్చి, దాని మధ్య బిందువు, వ్యాసార్థం రెండూ ఇవ్వండి. 40 కిలోమీటర్లు వస్తే 40,000 అనే రాయండి. లేబుల్ మాటలు మాత్రం అక్షరం మార్చకుండా వేరే గడిలో ఉంచాలి.

ఇంకొకటి, "కర్నూలు జిల్లా" అంటే ఏ కర్నూలు? గిద్దలూరు, మార్కాపురం 1970 దాకా అందులోవే, తర్వాత ప్రకాశంలోకి వెళ్లాయి. 2022లో నంద్యాల విడిపోయింది. నేటి సరిహద్దుతో వెతికితే నల్లమలలో ఎక్కువ భాగం మీ వృత్తానికి బయటే పడుతుంది.

గడ్డిపరక:
40 కిలోమీటర్ల వృత్తాన్ని ఒక కిలోమీటరు గళ్ల వాతావరణ పటం మీద పెట్టి ఏం చేస్తారు? మొక్క ఎక్కడ పెరగగలదో అంచనా వేసే మోడల్ నడిపేవాళ్లు ఆ వ్యాసార్థం గడి చూడరు. నేరుగా మధ్య బిందువు తీసుకుంటారు.

కొండపోడు:
అది వాడేవాళ్ల తప్పు, రికార్డుది కాదు. 5 కిలోమీటర్లు దాటినవి తీసేయడానికి ఒక్క ఫిల్టర్ చాలు.

గ్లూమ్:
చుక్క ఎక్కడ పెట్టాలని కొట్లాడేముందు అది మార్టినీయేనా అని చూశారా? దాని దగ్గరి జాతి సింబోపోగాన్ సీసియస్‌తో ఎప్పుడూ తికమకే. కాడ లేని స్పైక్‌లెట్‌ను (కంకిలోని చిన్న పూల గుత్తిని) కాసేపు వేడినీళ్లలో వేసి, మెత్తబడ్డాక సూదితో విప్పి కింది గ్లూమ్ (స్పైక్‌లెట్ అడుగున ఉండే పొలుసు) వీపు చూడండి. దిగువ సగంలో లోతైన గాడి, రెసీమ్ (స్పైక్‌లెట్లు వరసగా ఉండే చిన్న కొమ్మ) అడుగున ఉబ్బిన కాడ కనిపిస్తాయి. ఇవి రెండింటికీ ఉంటాయి కాబట్టి అక్కడ ఆగొద్దు. మార్టినీలో ఆకు వెడల్పు, మొదలు హృదయాకారంలో కాండాన్ని చుట్టుకుని ఉంటుంది. సీసియస్‌లో ఆకు సన్నం, మొదలు అంతగా చుట్టుకోదు. చిక్కేమిటంటే, చాలా షీట్లలో పై కంకి, ఒకటి రెండు చిన్నాకులే అంటించి ఉంటాయి. అప్పుడు "మార్టినీ లేదా సీసియస్" అని పేరు రాసిన కొత్త స్లిప్ అంటించడమే మర్యాద. పాత స్లిప్ పీకొద్దు. విప్పిన ముక్కలు షీటు మీది పొట్లంలోనే వేయాలి.

మార్టినీలోని మోతియా, సోఫియా రకాల జోలికైతే అసలు వెళ్లొద్దు. తేడా ప్రధానంగా నూనెలో ఉంది, ఎండి దశాబ్దాలైన ఆకును వాసన చూసి తేల్చలేం. ఊరి పేర్లూ ఆదుకోవు. బోద అని, కామంచి అని ఈ ప్రజాతిలో దేన్ని పడితే దాన్ని పిలుస్తారు.

గడ్డిపరక:
గ్లూమ్ గారి మాట ఒప్పుకుంటున్నా. సరే, షీటును మళ్లీ చూసి పేరు ఖాయం చేశాకే వ్యాసార్థంతో ఎక్కిద్దాం. మోడలింగ్‌కు మాత్రం పనికిరాదని వ్యాఖ్య గడిలో రాయాలి, దీన్ని వదలను.

కొండపోడు:
రాయండి. కృష్ణకు ఉత్తరాన చుక్కలు తక్కువని అక్కడ గడ్డి లేదనుకోవద్దని కూడా రాయండి. అమ్రాబాద్ వైపు అప్పట్లో నిజాం రాజ్యం కాబట్టి మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరా (ఆ ప్రాంతపు మొక్కల గ్రంథం) పరిధిలోకే రాలేదు.

గ్లూమ్:
లెక్కపెట్టే ముందు డూప్లికేట్లు కలపండి. ఒకే సేకరణ హౌరా, కోయంబత్తూరు, లండన్‌లోని క్యూ హెర్బేరియాల్లో మూడు షీట్లుగా ఉండొచ్చు. బార్‌కోడ్లు వేరువేరుగా ఉంటాయి కాబట్టి సేకర్త పేరు, సేకరణ నంబరు, తేదీ మూడూ పోల్చాలి. నంబరు లేని షీట్లను ఊరికే కలిపేయకండి.