ఫ్రేజల్ వెర్బ్స్: లిస్టు బట్టీ పట్టాలా, వింటూ నేర్చుకోవాలా?

సిద్దిపేట శ్రీను: డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఇప్పుడు బ్యాంకు పరీక్షలకు చదువుతున్నా. కోచింగ్‌లో ఫ్రేజల్ వెర్బ్స్ (క్రియకు ఆన్, ఆఫ్ లాంటి చిన్న మాట చేరి వేరే అర్థం వచ్చేవి) పెద్ద లిస్టు ఇచ్చారు. పుట్ ఆన్, పుట్ ఆఫ్, పుట్ అవుట్, పుట్ అప్ విత్... పొద్దున చదివినవి సాయంత్రానికి కలగాపులగం అవుతున్నాయి. మీరంతా ఎలా నేర్చుకున్నారు?

ఒంగోలు మాస్టారు: జడ్పీ హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పి రిటైరయ్యాను. బట్టీ పట్టడం తప్పేం కాదు బాబూ. రోజుకు ఐదు రాసుకో. పక్కనే తెలుగు అర్థం, కింద నీ సొంత వాక్యం. పుట్ ఆఫ్ అంటే వాయిదా, కాల్ ఆఫ్ అంటే రద్దు. పుట్ ఆఫ్ చేసిన మీటింగ్ ఇంకోరోజు ఉంటుంది, కాల్ ఆఫ్ చేస్తే ఇక లేనట్టే.

లీడ్స్ నర్సు: మాస్టారూ, ఒక మాటకు ఒకే అర్థం రాసుకునే పద్ధతితోనే నా తిప్పలన్నీ. మన దగ్గర పాస్డ్ అవుట్ అంటే చదువు పూర్తయిందని. ఇక్కడ ఇంగ్లండ్‌లో, వార్డులో చేరిన కొత్తలో ఒక పేషెంటు కూతురు 'మమ్ పాస్డ్ అవుట్' అంది. వాళ్లమ్మ స్పృహ తప్పిందని చెబుతోంది! పెద్దవాళ్లు వాంతి అయిందని కూడా 'బ్రాట్ అప్ మై టీ' అంటారు. ఈ వైపు టీ అంటే సాయంత్రం భోజనం. ఏ లిస్టులో ఉంది ఇది?

గుంటూరు మిర్చి: అందరూ 'కోప్ అప్ విత్' అని రాస్తారు. తప్పు. తట్టుకోవడం, నెట్టుకురావడం అనడానికి కోప్ విత్ చాలు.

ఒంగోలు మాస్టారు: నేనెక్కడ రాశాను?

గుంటూరు మిర్చి: మిమ్మల్ని అనలేదండీ, జనరల్‌గా చెప్పాను.

మాదాపూర్ టెకీ: మా ఆఫీసు మెయిల్స్‌లో రోజూ కనిపిస్తుంది. అర్థమవుతుంది కదా, వదిలేయండి.

గుంటూరు మిర్చి: ఎలా వదిలేస్తాను? ఇంటర్వ్యూలో ఆ ఒక్క మాటకే నన్ను ఆపి, అందరి ముందూ నవ్వారు.

లీడ్స్ నర్సు: శ్రీనూ, ఇంకోటి. టీవీ సౌండ్ తగ్గించమనడానికి టర్న్ డౌన్ ద టీవీ అన్నా, టర్న్ ద టీవీ డౌన్ అన్నా సరే. 'ఇట్' వస్తే మాత్రం టర్న్ ఇట్ డౌన్ అనే అనాలి. లుక్ ఆఫ్టర్ (బాగోగులు చూసుకోవడం)ను అలా విడదీయలేం, లుక్ ఆఫ్టర్ హర్ అంతే. ఇవి వింటుంటేనే నోటికి వస్తాయి. రేడియో వినండి, సీరియల్స్ చూడండి.

ఒంగోలు మాస్టారు: ఎవరు వినాలమ్మా? మా పిల్లలకు ఇంగ్లిష్ ముక్క వినిపించేది నా పీరియడ్‌లోనే. బడి వదిలితే పొగాకు పనికో, గేదెల వెనకో పోవాలి. వాళ్ల చేతిలో ఉన్నది ఆ లిస్టు ఒక్కటే. అదీ దండగంటే వాళ్లేం కావాలి? ఇంట్లో ఇంగ్లిష్ ఉన్నవాళ్లకే ఈ వినడాలన్నీ!

లీడ్స్ నర్సు: మాదేం కాన్వెంటు చదువు కాదు మాస్టారూ. కర్నూలు దగ్గర పల్లె, తెలుగు మీడియమే. నేనూ లిస్టులు బట్టీ పట్టే పరీక్ష గట్టెక్కాను. ఆ తర్వాత పేషెంటు నొప్పి చెబుతుంటే అర్థం కాక బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను. మార్కులు వస్తే భాష వచ్చినట్టేనని మాకు చెప్పిన వాళ్ల మీదే నా కోపం.

ఒంగోలు మాస్టారు: మార్కులే రాకపోతే ఆ పిల్ల నీ వార్డు దాకా ఎలా వస్తుందమ్మా?

లీడ్స్ నర్సు: వచ్చాక నిలబడాలి కదండీ.

సిద్దిపేట శ్రీను: నాకు ప్రిలిమ్స్ వచ్చే నెలే. లుక్ అప్, లుక్ ఇన్‌టు తేడా ఎవరైనా చెప్పండి ప్లీజ్.

గుంటూరు మిర్చి: డిక్షనరీలో మాట వెతికితే లుక్ అప్. కస్టమర్ ఫిర్యాదు మీద బ్యాంకు విచారణ చేస్తే లుక్ ఇన్‌టు.