నాయన పళ్ళ సెట్టుకు కోటింగ్ వేయించాలా?

చంద్రగిరి అమ్మాయి:
మా నాయనకు పోయినేడు పైనా కిందా పూర్తి సెట్టు కట్టించాం. వక్కాకు మానలేదు, మానడు కూడా. పళ్ళ సందుల్లో ఎర్ర మరక, సెట్టు లోపలివైపు వేలితో రాస్తే జారుడు పాచి. అంగిలి ఎర్రబడింది, సంగటి కాస్త వేడిగా తగిలినా మంటంటాడు. కట్టినచోట అడిగితే ‘కోటింగ్ వేస్తాం, ఇక పాచి పట్టదు, సెట్టు గట్టిపడుతుంది’ అన్నారు. నిజమేనా?

తిరుపతి ల్యాబ్ టెక్నీషియన్:
సగం నిజం తల్లీ. సెట్టు అక్రిలిక్ అనే ప్లాస్టిక్‌తో చేస్తాం. బయటివైపు అద్దంలా పాలిష్ పెడతాం. అంగిలికి ఆనే వైపు పెట్టం, పెడితే కొలత పోయి సెట్టు వదులవుతుంది. ఆ గరుకులోనే క్యాండిడా అనే ఫంగస్ కాపురం పెడుతుంది. కోటింగంటే ఎక్కువగా గ్లేజే. పల్చగా పూసి లైటు కింద పెడితే గట్టిపడే వార్నిష్. గరుకు తగ్గుతుంది, మరక తొందరగా దిగదు, కడిగితే సులువుగా పోతుంది. ‘ఇక పట్టదు’ అనేది అమ్మకం మాట. పేస్టు పెట్టి తోమితే ఆ పూత అరిగిపోతుంది, మళ్ళీ వేయాల్సిందే. చేయిజారి గచ్చు మీద పడితే కోటింగున్నా పగులుతుంది. లోపలివైపు మందంగా పూస్తే సెట్టు సరిగ్గా కూర్చోదు, అక్కడ వేయాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి. నానో, అంటే కంటికి కనబడనంత సన్నటి, వెండి రేణువులు కలిపిన పూతల మీద పరిశోధనలు నడుస్తున్నాయి, వాటి పేరు చెప్పి ఎక్కువ డబ్బడిగితే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

పలమనేరు కోడలు:
మా అత్తమ్మ సెట్టుకు బోరు నీళ్ళతోనే తెల్లగా గార కట్టింది. ఇప్పుడు ఫిల్టర్ నీళ్ళలో నానబెడుతున్నాం.

చంద్రగిరి అమ్మాయి:
నానబెట్టడమా? నాయన రాత్రి కూడా తీయడు అన్నా! బోసినోరు మనవళ్ళు చూస్తారని సిగ్గు.

తిరుపతి ల్యాబ్ టెక్నీషియన్:
అయితే కోటింగ్ మాట తర్వాత. ముందు ఆ అంగిలి డాక్టరుకు చూపించండి, ఫంగసైతే మందిస్తారు. రాత్రి తీసి చల్లనీళ్ళలో వేయాలి. వేడినీళ్ళలో వేస్తే అక్రిలిక్ వంకరపోతుంది. తోమడానికి మెత్తటి బ్రష్, గిన్నెల సబ్బునీళ్ళు చాలు. చూపించడానికి తెచ్చేటప్పుడు తడిగుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టండి. చాలామంది పేపర్లో చుట్టి జేబులో వేసుకొస్తారు.