నత్తగుల్ల కొంగ గుల్ల పగలగొడుతుందా, లేదా?

వరిమడి: మా పాప ఏడో తరగతి. "నత్తగుల్ల కొంగ ముక్కు మధ్య సందు దేనికి?" అని పరీక్షలో అడిగారు. "గుల్ల పగలగొట్టడానికి" అని రాయాలట. ఇదేమో "పగలగొట్టదు, మా గట్టుమీద గుల్లలన్నీ పగలకుండానే ఉంటాయి" అని రాసింది. సున్నా వేశారు. దానికి ఆ గుల్లలు చూపించింది నేనే. తెనాలి వైపు మాగాణి మాది. ఎవరిది రైటు?

బడిపంతులు: జవాబుల కీ ప్రకారం సున్నానే. అడకత్తెరలో పోకచెక్క పెట్టినట్టు నత్తను ఆ సందులో ఇరికించి నొక్కుతుంది. జీవశాస్త్రవేత్త జూలియన్ హక్స్‌లీ అంతటివాడు 1960లో చెప్పిన మాట. చిలక ముక్కు గింజ కొరకడానికి, గూడబాతు సంచి చేపలు పట్టడానికి, పులికాట్ ఫ్లెమింగో వంపు ముక్కు నీళ్లు వడగట్టడానికి. ప్రతిదానికీ ఒక పని.

వరిమడి: పగిలితే పెంకు ముక్కలేవి మాస్టారూ? నిన్న పొద్దున బోదె పక్కన పదకొండు ఏరాను. ఒక్కదానికీ అంచు విరగలేదు. మూత ఊడి, లోపల నాకినట్టు ఖాళీ.

బడిపంతులు: ఎండకు చచ్చినవేమో.

వరిమడి: మోకాలిలోతు నీళ్లున్న మడిలో ఎండకా!

కెమెరాకన్ను: హక్స్‌లీ మాట నిలవలేదండీ. 1971లో కాల్ అనే పరిశోధకుడు ఈ కొంగల తిండి గురించే వివరంగా రాశాడు. కింది ముక్కు మొన తరచు కాస్త కుడికి తిరిగి ఉంటుంది. దాన్ని గుల్లలోకి దూర్చి, కండ పట్టు తెగ్గోసి మెత్తటిదంతా లాగేస్తుంది. అదీ నీళ్లలోనే, అందుకే మన కంటబడదు. ఇంకోటి, కుర్రకొంగలకు ఆ సందే ఉండదు. అవీ నత్తలు తింటాయి.

నిద్రగన్నేరు: ఉప్పలపాడు పక్షుల కేంద్రంలో విన్నా, టకటకమని ఒకటే చప్పుడు. పగలగొట్టడం కాదా అది?

కెమెరాకన్ను: గూటి దగ్గర జంట ముక్కులు కొట్టుకునే చప్పుడది.

బడిపంతులు: అయితే సందు ఊరికే వచ్చిందా? 1977 కరువులో గాలపాగోస్ దీవుల్లో గట్టి గింజలు కొరకగల పెద్దముక్కు పిట్టలే ఎక్కువ బతికాయి. ముక్కంటే ఆషామాషీ కాదు.

వరిమడి: మా మడి గట్టు దాటి గాలపాగోస్ పోయారే! పదకొండు గుల్లల సంగతి చెప్పండి.

బడిపంతులు: ఏం చెప్పమంటారు? ఇరవై రెండేళ్ల సర్వీసు నాది. ఒకసారి ఒక పిల్లాడు కీలో లేని జవాబు రాస్తే మార్కు వేశాను. తనిఖీకి వచ్చినాయన అందరిముందూ ఆ పేపరు ఎత్తి "మీ సొంత సైన్సా?" అన్నాడు. అప్పట్నుంచీ కీ దాటను. మీ పాప రాసింది తప్పని నేననలేదు.

వరిమడి: పొద్దుట్నుంచీ అంటున్నది అదేగా!

బడిపంతులు: సున్నా కీ ప్రకారం అన్నాను. చిన్నప్పుడు మా చెరువు దగ్గర నేనూ పగలని గుల్లలే ఏరాను. అరుగు మీద వరస పేర్చి ఆడుకునేవాళ్లం.

వరిమడి: ఆ ముక్క ముందే అనాల్సింది. నిన్న గుల్లలు ఏరదాం రమ్మంటే "ఎందుకు నాన్నా, మార్కు రాదుగా" అంది. నా బాధ అది, మార్కు కాదు.

నిద్రగన్నేరు: ఇంతకీ ఆ సందు దేనికి?

కెమెరాకన్ను: జారే గుల్లను మొనలతో గట్టిగా పట్టడానికని ఒక వాదన. తేలలేదు.

నిద్రగన్నేరు: తేలనిదానికి ఏడో తరగతిలో కీ ఉందన్నమాట!